పొరల కలప: తుపాకి కుందా చెప్పే చరిత్ర

హైదరాబాదు నగరానికి పడమట హైటెక్ సిటీని దాటి గచ్చిబౌలి వైపు పోతే హైదరాబాదు విశ్వవిద్యాలయం వస్తుంది. 2002లో జాతీయ క్రీడలు జరిగిన నాటినుంచి ఆ ఆవరణలో తుపాకి గురిపోటీల మైదానం ఒకటి ఉన్నది. ఇటువంటి పోటీలలో వాడే రైఫిళ్లు కొన్నిటిని దగ్గరగా చూస్తే, వాటి కర్రభాగం మీద సన్నని గీతలు వరుసగా కనిపిస్తవి. పుస్తకం అంచున కాగితాలు కనిపించినట్లే, అక్కడ పలుచని చెక్కపొరల అంచులు కనిపిస్తున్నవన్నమాట. అది ఒకే దుంగనుంచి చెక్కిన కర్ర కాదు. పొరలను జిగురుతో అతికించి చేసిన కలప. నిండుకర్ర ఉండగా ఈ అతుకుల కర్ర ఎందుకు అవసరమయినది?

తుపాకి గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే కర్రభాగాన్ని ఉరుదూలో కుందా అంటారు. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుదాము. మంచి కుందాకు మూడు గుణాలు కావలె. ప్రేలుడు వెనుకకు తన్నినప్పుడు అది పగులరాదు. చేతికి మరీ బరువు కారాదు. అన్నిటికన్న ముఖ్యంగా, ఎండకూ వానకూ ఆకారం మారరాదు. ఈ గుణాలు చక్కగా కుదిరినందువల్ల అక్రోటు కలప చాలకాలం కుందాలకు ఉత్తమమయినదిగా పేరుపొందినది.

కలప ఎట్లా వంకరపోతుంది?

చచ్చిన తరువాత కూడ కలప గాలిలోని తేమను పీల్చుకొంటూ, వదులుతూ ఉంటుంది. అయితే ఈ మార్పు అన్ని దిక్కులా ఒకేవిధంగా ఉండదు. పచ్చికర్ర పూర్తిగా ఆరినప్పుడు నారపోగుల పొడవున నూటికి 0.1 నుంచి 0.2 వంతు మాత్రమే కుంచించుకొంటుంది. కాండపు కేంద్రంనుంచి బెరడు వైపుకు సుమారు 3 నుంచి 6 వంతులు, వార్షిక వలయాల వెంబడి సుమారు 6 నుంచి 12 వంతులు తగ్గుతుంది. ఈ అసమానతే వంకరకు మూలం. మే నెలలో నలుబది డిగ్రీల పొడి ఎండ, జూలైలో తడిగాలి ఉండే హైదరాబాదులో తలుపులు వానాకాలంలో బిగుసుకొనడం అందరూ ఎరిగినదే.

తలుపు బిగుసుకొంటే ఇంకొంచెం బలంగా తోస్తాము. కాని కుందా ఉబ్బి గొట్టాన్ని ఒకపక్కకు నొక్కితే గురి చెడుతుంది. దూరదర్శిని అమర్చిన రైఫిలు గొట్టం 60 సెంటీమీటర్ల పొడవున్నదనుకొందాము. దాని కొస 0.3 మిల్లీమీటరు పక్కకు జరిగితే, వంపు 2000లో 1వ వంతు. 100 మీటర్ల దూరాన గుండు 5 సెంటీమీటర్లు తొలగిపోతుంది.

ఇది కేవలం లెక్క కాదు. నిజాము రాజ్యంలో వేట గొప్ప వినోదంగా సాగిన రోజులున్నవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరుపొందిన వేటగాడు. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్లు ప్రాంతపు నెక్కొండ వద్ద పులిని వేటాడినప్పటి ఛాయాచిత్రం నేటికీ ఉన్నది. గురి తప్పితే జంతువు గాయంతో అడవిలోకి పారిపోతుంది. అటువంటి గాయాలే కొన్ని పులులను నరభక్షకులుగా మార్చినవని జిమ్ కార్బెట్ 1944లో వెలువడిన తన గ్రంథంలో వివరించినాడు. వేటగాని పొరపాటుకు శిక్ష అనుభవించినది అడవి అంచు పల్లెవాసులు.

జిగురు తెచ్చిన మార్పు

పొరలు జతచేసే విద్య కొత్తది కాదు. ఈజిప్టులో సక్కారా మెట్ల పిరమిడులో ఆరుపొరల చెక్కతో చేసిన శవపేటిక దొరికినది. దాని వయస్సు నాలుగువేల అయిదువందల ఏండ్లకు పైమాటే. లోపమల్లా జిగురులో ఉన్నది. జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు తడికి కరిగిపోతుంది. 1907లో లియో బేక్‌లాండ్ ఫినాలు, ఫార్మాల్డిహైడుల కలయికతో గట్టి రెసినును తయారుచేసే పద్ధతిని కనిపెట్టిన తరువాత, నీటికి లొంగని జిగురుకు దారి ఏర్పడినది.

దీనిని కుందాలకు పెద్ద ఎత్తున ప్రయోగించినది జర్మనీ. అక్రోటు చెట్టు కుందాకు పనికివచ్చే లావు ఎదగడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. సైన్యం అన్నాళ్లు ఆగదు. అందువల్ల 1930ల చివరనుంచి మౌజరు సైనిక రైఫిళ్లకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంగల బీచి పొరలను రెసినుతో అతికించి, వేడితో, ఒత్తిడితో దిమ్మెలు చేసినారు. బీచి తేమకు బాగా ఉబ్బే కలప. కుందాకు తగదనుకొన్న ఆ చెట్టే పొరలుగా విడిపోయి, మళ్లీ ఒకటై, పనికివచ్చినది! యుద్ధానంతరం ఆ రైఫిళ్లలో అనేకం వేటతుపాకులుగా మారినవి. తరువాత అమెరికాలో రంగులద్దిన బర్చి పొరలతో వేటరైఫిళ్ల కుందాలు చేయడం 1980లనుంచి బాగా వ్యాపించినది.

పొరల బలం ఎక్కడిది?

కాగితాన్ని ఒకవైపు తడిపితే అది చుట్టుకొంటుంది. ఎదురెదురుగా వంగే రెండు కాగితాలను అతికిస్తే ఒకదాని వంపును మరొకటి అడ్డుకొంటుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. కలపలోనూ అంతే. ఒక పొరలోని ముడి, పగులు, వంకరనార పక్కపొరకు వ్యాపించవు. రెసిను తేమ రాకపోకలను తగ్గిస్తుంది. పొరల కలప అసలు ఉబ్బదని కాదు, ఉబ్బినా వంకరపోదు. దీనికి మూల్యం బరువు. పొరల కుందా అక్రోటు కుందాకన్న బరువైనది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వినోదపు వేటకు కాలం చెల్లినది. నిజాముల వేటస్థలమయిన మెదక్ ప్రాంతపు పోచారం 1952లోనే అభయారణ్యమయినది. తుపాకి గురి మాత్రం క్రీడగా నిలిచినది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకం గెలిచినాడు. వేట పోయినా, వేటతుపాకి నేర్పిన పాఠం మిగిలినది. ఒక మహావృక్షాన్ని నరకడానికి బదులు, సామాన్యమయిన చెట్టును తెలివిగా పొరలు తీసి, దాని లోపాలను ఒకదానితో ఒకటి సరిదిద్దుకొనేటట్లు చేయవచ్చును. అడవులు తరుగుతున్న ఈ కాలంలో ఆ పాఠం విలువ తుపాకి విలువకన్న ఎంతో పెద్దది.