పిల్లి కోసం మారిన ఇల్లు

జంతు ఆశ్రయం నుంచి పిల్లిని దత్తత తీసుకొనేవారికి ఇవాళ చెప్పే జాగ్రత్తలు ఏ నగరంలోనైనా దాదాపు ఒక్కటే: మొదటి కొన్ని రోజులు పిల్లిని ఒకే గదిలో ఉంచడం, ఆ గదిలో తిండిగిన్నెకు దూరంగా మలమూత్రాల కోసం మట్టి నింపిన ట్రేను అమర్చడం, దాక్కోవడానికి ఒక పెట్టెను, గోళ్లు గీరుకోవడానికి తాడు చుట్టిన కంబాన్ని పెట్టడం, కిటికీలకు వల బిగించడం, ఆశ్రయంలో అలవాటైన తిండినే కొంతకాలం కొనసాగించడం. ఈ జాబితా ఎవరికైనా తోచే ఇంగితంలా కనిపించినా, ఇందులోని అంశాల్లో ఎక్కువ భాగం గత నూట యాభై ఏళ్లలో, ప్రధానంగా బ్రిటన్, అమెరికాలలో, ఒక్కొక్కటి ఒక్కో చిక్కుకు జవాబుగా రూపుదిద్దుకున్నవే. అంతకుముందు కొన్ని వేల ఏళ్లపాటు ఇంటికి తగ్గట్టు పిల్లే సర్దుకుంది. పిల్లికి తగ్గట్టు ఇంటిని సర్దడం ఆధునిక నగరజీవనం తెచ్చిన మార్పు.

మనిషికీ పిల్లికీ నడుమ తొలి ఒప్పందం ధాన్యం చుట్టూ కుదిరింది. గింజలు నిలవచేసిన చోటికి ఎలుకలు, ఎలుకలున్న చోటికి అడవిపిల్లులు చేరాయి. సైప్రస్ దీవిలోని షిల్లూరోకాంబోస్ అనే నవీన శిలాయుగపు ఊరిలో మనిషి సమాధి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం బయటపడిందని 2004లో పరిశోధకులు ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్లు. ఆ దీవిలో పిల్లిజాతి సహజంగా లేదు గనుక మనుషులే దాన్ని సముద్రం దాటించి తెచ్చి ఉండాలి. మధ్యయుగపు ఐరోపాలోనూ ఈ సంబంధం పనివాడికీ యజమానికీ మధ్య ఉండేలాంటిదే. ఇంగ్లండులోని ఎక్సెటర్ కెథీడ్రల్ లెక్కల పుస్తకాలలో 1305 నుంచి 1467 వరకు పిల్లి పోషణ కింద వారానికి ఒక పెన్నీ చొప్పున ఖర్చు నమోదై ఉంది; అక్కడి పాత గడియారం కింది తలుపుకు పిల్లి దూరేందుకు చేసిన గుండ్రటి రంధ్రం నేటికీ కనిపిస్తుంది. అయితే ఆ రంధ్రం పిల్లి సుఖం కోసం కాక, ఎలుకల వేట సాగడానికి చేసిన ఏర్పాటు.

తెలుగు పల్లెలలో కూడా పిల్లి గాదెలకు, గరిసెలకు కాపలాదారుగానే చెల్లింది. రాయలవారు ఎలుకల బెడద తీర్చడానికి ఇంటికొక పిల్లిని, దానికి పాలకోసం ఒక ఆవును పంచారనీ, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి వేడివేడి పాలు పెట్టి పాలంటేనే పారిపోయేలా చేశాడనీ చెప్పే కథ చరిత్ర కాకపోయినా, పిల్లిని పోషించడం ఎలుకల కోసమేనన్న భావన జనంలో ఎంత స్థిరంగా ఉండేదో చూపుతుంది. ఇంటిలోపల మాత్రం ఏర్పాట్లన్నీ పిల్లికి వ్యతిరేకంగానే సాగేవి. పాలు, పెరుగు, వెన్న అందకుండా దూలానికి వేలాడదీసే ఉట్టి అందుకు ప్రధానమైన గుర్తు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెత ఆ ఏర్పాటు నుంచే పుట్టింది. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందన్న నమ్మకం వెనుక కూడా, ఏ ఇంటికీ పూర్తిగా చెందక, అలికిడి అయిన చోటు విడిచి మరో మరుగు వెతుక్కొనే తల్లిపిల్లి ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో ఈ పాత ఏర్పాటు చెదిరింది. జనం కిక్కిరిసిన నగరంలో పిల్లుల సంఖ్య కూడా పెరిగింది. వాటికోసం ఉడికించిన గుర్రపుమాంసపు ముక్కలను పుల్లలకు గుచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మే వీధివ్యాపారం ఎంతగా సాగిందంటే, నగరపు పేదల బతుకును గ్రంథస్థం చేసిన హెన్రీ మేహ్యూ 1851 నాటికే ఆ వర్తకుల గురించి వివరంగా రాశాడు. అదే నగరంలో సంపన్న కుటుంబాలు ఏటా కొన్ని నెలలు పల్లెలకు, సముద్రతీరాలకు తరలిపోతూ పిల్లులను తాళం వేసిన ఇళ్ల ముందు వదిలేసేవి. మేరీ టీల్బీ 1860లో హాలోవేలో స్థాపించిన ఆశ్రయం వీధిపాలైన కుక్కల కోసం పుట్టింది. 1871లో బాటర్సీకి మారిన ఆ సంస్థ 1883లో గాని పిల్లులను చేర్చుకోలేదు. దాని పేరులో పిల్లులకు చోటు దక్కింది 2002లోనే.

తొలితరం ఆశ్రయాలను నేటి దత్తత కేంద్రాలుగా ఊహించుకోవడం పొరపాటు. ఎవరూ తీసుకోని పిల్లిని వీధిలో ఆకలితో చావనివ్వకుండా నొప్పి తెలియకుండా చంపడమే నాటి చాలా ఆశ్రయాలలో దయగా చెల్లింది. హెన్రీ బెర్గ్ 1866లో న్యూయార్క్‌లో నెలకొల్పిన జంతుహింసా నివారణ సంఘం 1894లో నగరపు వీధిజంతువుల బాధ్యతను చేపట్టినప్పుడు కూడా దాని పనిలో పెద్దభాగం ఇదే. దీనికి కారణం మనుషుల కాఠిన్యం ఒక్కటే కాదు. పిల్లిని ఇంట్లో పెంచుకోదలచినవారికి కూడా దాని సంతానాన్ని అదుపుచేసే మార్గం, దుర్వాసన లేకుండా మలమూత్రాలను తొలగించే సాధనం, అంటురోగాలను గుర్తించే పరీక్ష ఏవీ అందుబాటులో లేవు. అటువంటి ఇంటికి పిల్లిని పంపితే అది కొన్ని నెలలకే అయిదారు కూనలతో తిరిగి ఆశ్రయం గుమ్మానికి చేరేది.

మొదటగా కొంత తీరింది సంతానపు చిక్కు. 1927లో లండన్‌లోని కాక్స్‌టన్ హాలులో జరిగిన సమావేశంలో పుట్టిన పిల్లుల రక్షణ సంఘం పిల్లుల సంతాన నియంత్రణ గురించి ప్రచారానికి పూనుకొంది. మగపిల్లికి చేసే శస్త్రచికిత్స సులువే గాని, ఆడపిల్లి అండాశయాలను, గర్భసంచిని తొలగించడానికి నమ్మదగిన మత్తుమందు, సూక్ష్మక్రిములు సోకని శస్త్రచికిత్సాగది అవసరం గనుక అది ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకు మామూలు వైద్యం కాలేదు. లాస్ ఏంజెలెస్ నగరపాలక సంస్థ 1971లో తక్కువ రుసుముకు ఈ శస్త్రచికిత్స చేసే కేంద్రాన్ని తెరిచాకే అమెరికాలో ఇది ఇంటి ఖర్చుగా కాక ప్రజావసరంగా గుర్తింపు పొందడం మొదలైంది. దత్తతకు ముందే ఆపరేషన్ పూర్తిచేసి ఇచ్చే నేటి పద్ధతికి మూలం ఇక్కడ ఉంది.

రెండో చిక్కును తీర్చింది వైద్యులు కాదు, ఒక మట్టివ్యాపారి. అంతవరకు పిల్లులను లోపల ఉంచుకొన్నవారు పళ్లెంలో బూడిద, ఇసుక, రంపపుపొట్టు, చింపిన వార్తాపత్రికలు వాడేవారు. బూడిద ఇల్లంతా అడుగుల ముద్రలు వేసేది, మిగిలినవి వాసనను ఆపలేకపోయేవి. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో కసోపొలిస్ అనే చిన్న ఊరిలో కర్మాగారాల నేలమీద ఒలికిన నూనెను పీల్చే సరుకులు అమ్మే ఎడ్ లోవ్ దగ్గరకు 1947 జనవరిలో పొరుగున ఉన్న ఒక మహిళ, తన ఇసుకగుట్ట గడ్డకట్టిందని, పిల్లి పళ్లెంలోకి కొంచెం ఇసుక కావాలని అడుగుతూ వచ్చింది. ఆయన ఇసుకకు బదులు ఎండబెట్టిన బంకమట్టి గుళికలు ఇచ్చాడు. అది ఒకప్పుడు ఉన్నిబట్టల జిడ్డు తీయడానికి వాడిన, తెలుగువారు ముల్తానీ మట్టిగా ఎరిగిన జాతి మట్టే. తన బరువుతో పోలిస్తే ఎంతో తేమను పీల్చుకోవడం దాని గుణం. ఆ మట్టిని అయిదు పౌన్ల సంచుల్లో నింపి 65 సెంట్లకు అమ్మబోతే, ఇసుక దాదాపు ఉచితంగా దొరికే కాలంలో దానికి అంత ధర ఎవరిస్తారని దుకాణదారు సందేహించగా, లోవ్ మొదట ఊరికే పంచమని చెప్పాడు. వాడినవారు డబ్బిచ్చి కొనడానికి తిరిగివచ్చారు. 1984లో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు బెంటొనైట్ మట్టితో, అంటే తడి తగలగానే ఉబ్బి ముద్దకట్టే మరో రకం బంకమట్టితో, మురికిభాగాన్ని మాత్రమే గరిటెతో తీసివేసే వీలు కల్పించాడు. బయటికి వెళ్లకుండా జీవితమంతా గడిపే పిల్లి అనేది సామాన్య గృహాలలో సాధ్యమైంది ఈ మట్టి వల్లనే.

తలుపు మూసుకొన్నాక కొత్త ఇబ్బందులు బయటపడ్డాయి. వేటాడి తినే పిల్లికి తిండి సంగతి ప్రకృతి చూసుకొనేది; డబ్బాలోని తిండిమీదనే బతికే పిల్లికి అందులో లేనిది మరెక్కడా దొరకదు. మాంసంలో సహజంగా ఉండే టారిన్ అనే ఆమ్లాన్ని పిల్లి శరీరం తగినంతగా తయారుచేసుకోలేదు. అది లోపిస్తే కంటి నరపుపొర క్షీణిస్తుందని 1975లో, గుండెకండరం బలహీనమై ఉబ్బుతుందని 1987లో నిరూపణ కావడంతో తయారీదారులు దాన్ని అదనంగా కలపసాగారు. అదే 1987లో న్యూయార్క్ పశువైద్యులు, అంతస్తుల నుంచి కిందపడి అయిదు నెలల్లో తమ ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల వివరాలను ప్రచురించారు. చికిత్స పొందినవాటిలో సుమారు 90 శాతం బతికాయన్న మాట ప్రజలను ఆకర్షించినా, ఛాతీకి, దవడకు తగిలిన దెబ్బల జాబితా కిటికీ వల అవసరాన్ని తేల్చిచెప్పింది. సోఫాలను చీల్చే గోళ్లకు మాత్రం మొదట దొరికిన జవాబు క్రూరమైనది: వేళ్ల చివరి ఎముకలతో సహా గోళ్లను తొలగించే శస్త్రచికిత్స 1952లో అమెరికా పశువైద్య పత్రికలో చోటుచేసుకొని విరివిగా వ్యాపించింది. వెస్ట్ హాలీవుడ్ నగరం 2003లో, న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించాయి. తాడు చుట్టిన కంబం ఆ కోతకు ప్రత్యామ్నాయంగా తప్పనిసరి వస్తువైంది.

వేరుగదికి రెండు చరిత్రలున్నాయి. మొదటిది రోగాలది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ 1964లో పిల్లుల రక్తకేన్సరుకు ఒక వైరస్ కారణమని కనుగొన్నాక, 1986లో కాలిఫోర్నియాలో పిల్లుల రోగనిరోధకశక్తిని హరించే మరో వైరస్ బయటపడ్డాక, పరీక్ష ఫలితం తెలిసేవరకు కొత్త పిల్లిని పాతవాటి నుంచి దూరంగా ఉంచడం నియమమైంది. రెండోది భయానిది. కూనలు పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు మనుషుల చేతుల్లో మెలిగితేనే తేలికగా మచ్చిక అవుతాయని 1980ల్లో ఫిలడెల్ఫియాలో ఐలీన్ కార్ష్ చేసిన ప్రయోగాలు చూపాయి. వీధిలో పెరిగి ఆశ్రయానికి చేరిన పిల్లి మనిషిని చూసి బెదరడం దాని స్వభావదోషం కాదని దీనితో స్పష్టమైంది. ఆశ్రయపు బోనులో కదలక ముడుచుకొని ఉండే పిల్లిని సాధువుగా భావించడం తప్పని, ఆ నిశ్చలత భయానికే గుర్తని చెప్పడానికి 1997లో కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు ఒత్తిడిని అంకెలలో కొలిచే పట్టికను రూపొందించారు. ఆ కొలమానంతోనే 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొత్తగా ఆశ్రయానికి వచ్చిన 19 పిల్లులను గమనించి, దాక్కోవడానికి పెట్టె ఉన్నవి మిగిలినవాటికంటే త్వరగా కుదుటపడ్డాయని తేల్చారు. ఖర్చులేని అట్టపెట్టె శాస్త్రీయ సిఫారసుగా మారింది ఇలాగే. తిండి, నీరు, ట్రే ఒకదానికొకటి దూరంగా ఉండాలన్న నియమం కూడా 2013లో పిల్లుల వైద్యుల సంఘాలు వెలువరించిన మార్గదర్శకాలలో చోటుచేసుకొంది.

ఈ సాధనాలన్నీ సమకూరాకే ఆశ్రయాల లక్ష్యం మారగలిగింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని జంతుహింసా నివారణ సంఘం 1994లో నగరపాలక విభాగంతో చేసుకొన్న ఒప్పందం ప్రకారం, దత్తతకు తగిన ఆరోగ్యవంతమైన ఏ కుక్కకైనా, పిల్లికైనా చోటు చూపే బాధ్యత తానే తీసుకొంది. చంపడం నుంచి అప్పగించడం వైపు మళ్లిన ఈ మార్పుతో, ఇల్లు సిద్ధమై ఉన్నదా లేదా అన్నది దత్తత నిర్ణయంలో భాగమైంది.

తెలుగు నేలలో వ్యవస్థీకృతమైన జంతురక్షణ కార్యక్రమం ఇటీవలిది. అమల అక్కినేని చొరవతో హైదరాబాద్ బ్లూక్రాస్ 1992లో ఆరంభమైంది; 1996లో విశాఖపట్నంలో మరో సంస్థ పని మొదలుపెట్టింది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పావురాలు రాకుండా బాల్కనీలకు కట్టే వల పిల్లికి కూడా పనికివస్తుంది గాని, సన్నని నైలాను వలను అది కొరికి తెంపగలదు గనుక గట్టిదాన్ని బిగువుగా కట్టవలసి ఉంటుంది. పెరడు, వీధి, వంటిల్లు కలిసిపోయే ఇళ్లలో పిల్లి ఇంకా సగం బయటిదిగానే బతుకుతోంది. అటువంటి చోట మట్టిట్రే, గోళ్లకంబం ఐచ్ఛికమే. సంతాన నియంత్రణ, టీకాలు, తొలిరోజుల వేరుగది మాత్రం ఏ ఇంటికైనా తప్పవు, ఎందుకంటే అవి అపార్ట్‌మెంటు జీవితం వల్ల కాక పిల్లి దేహధర్మం వల్ల అవసరమైనవి. పాశ్చాత్య నగరాల నుంచి వచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు అనుసరించడంకంటే, దానిలోని ప్రతి అంశం ఏ చిక్కు వల్ల పుట్టిందో తెలుసుకొని, ఆ చిక్కు తమ ఇంట్లో ఉన్నదో లేదో చూసుకోవడమే దత్తత తీసుకొనేవారికి ఈ చరిత్ర వల్ల కలిగే ప్రయోజనం.