గాజు కింద మరో పొర

పిన్‌బాల్ యంత్రంలో పరుగెత్తే ఉక్కు బంతి బరువు సుమారు 80 గ్రాములు, అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. అది నున్నగా దొర్లినంతసేపూ కిందున్న చెక్క పలకకు, అంటే ప్లేఫీల్డ్‌కు, పెద్ద ప్రమాదం లేదు. చిక్కల్లా పాప్ బంపర్, అంటే బంతి తాకగానే ఎదురు తన్నే గుండ్రటి గుబ్బ, దాన్ని విసిరికొట్టినప్పుడే. ఆ క్షణంలో బంతి దొర్లదు, జారుతుంది. జారుతూ కిందున్న బొమ్మను ఒరుసుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి ఆడిన పాత యంత్రం మీది అద్దం తీసి బంపర్ల మధ్య చోటును చూస్తే చాలు: ముందు వార్నిష్ పోయింది, తర్వాత రంగు పోయింది, చివరికి ప్లైవుడ్ బయటపడి నల్లబడింది. కాయిళ్ల నుంచి, రబ్బరు రింగుల నుంచి, ఎప్పుడో పూసి తుడవని మైనం నుంచి రాలిన సన్నటి పొడి అక్కడ పేరుకుంటుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు ఆటకు చేసే మేలు ఈ పొడి చెయ్యదు. బంతి కింద పడి మిగిలిన రంగును కూడా అరగదీస్తుంది.

ఈ అరుగుదలకు అసలు కారణం ఆటను ఆటగా మార్చిన ఫ్లిప్పరే, అంటే ఆటగాడు బొత్తాం నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న రెక్క. 1931లో షికాగోలో డేవిడ్ గాట్‌లీబ్ అమ్మిన ‘బాఫిల్ బాల్’లో ఫ్లిప్పర్లు లేవు. బంతిని పైకి తోస్తే మేకుల మధ్య నుంచి కిందికి దిగేది, అంతటితో సరి. 1947లో గాట్‌లీబ్ కంపెనీకే హ్యారీ మాబ్స్ రూపొందించిన ‘హంప్టీ డంప్టీ’లో ఆరు ఫ్లిప్పర్లు వచ్చాయి. కిందికి జారిన బంతి మళ్లీ మళ్లీ పైకి వెళ్లడం మొదలైంది. ఆటగాడి నేర్పు పెరిగేకొద్దీ ప్లేఫీల్డ్ మీద దెబ్బలూ పెరిగాయి.

ఆ దెబ్బలు తిన్నది ఉత్త చెక్క కాదు. ఒక్కో రంగుకు ఒక్కో తెర చొప్పున సిల్క్ స్క్రీన్ మీద అచ్చువేసిన బొమ్మ అది. గాట్‌లీబ్ యంత్రాలకు రాయ్ పార్కర్, బాలీ కంపెనీ వారి ‘ఫైర్‌బాల్’కు డేవ్ క్రిస్టెన్సెన్, ‘ఎయిట్ బాల్’కు పాల్ ఫారిస్ బొమ్మలు వేశారు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికా వ్యాపార చిత్రకళలో వీరికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. గోడకు తగిలించే బొమ్మ అయితే ఎవరో ఒకరు దాచేవారు. వీరి బొమ్మ మీద రోజంతా ఉక్కు బంతి పరుగెత్తింది.

దాచాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రాకపోవడంలో వింత లేదు. 1942లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా పిన్‌బాల్‌ను జూదమని నిషేధించి, పట్టుకున్న యంత్రాలను సుత్తితో పగలగొట్టించాడు. ఆ నిషేధం 1976 దాకా తొలగలేదు. యంత్రాలను కొని బార్లలో, బౌలింగ్ హాళ్లలో పెట్టే ఆపరేటర్‌కు అది నాణేలు రాల్చే సొత్తు. కొత్త మోడల్ రాగానే పాతది వెనక్కి పోయేది. రెండు మూడేళ్లు సంపాదించిపెడితే చాలనుకునే వస్తువుకు ఫ్యాక్టరీ పల్చటి వార్నిష్ కన్నా గట్టి పూత ఎందుకు వేస్తుంది?

ప్లేఫీల్డ్ మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించడం ఈ లెక్కల్లోంచే పుట్టింది. 1950ల తొలినాళ్లలో డ్యూపాంట్ కంపెనీ ‘మైలార్’ పేరుతో పాలియెస్టర్ ఫిల్మ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని పొడవుకూ వెడల్పుకూ సాగదీసి తయారుచేస్తారు. అందుకే అంత పల్చగా ఉండి కూడా చిరగదు. 1960లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన ‘ఎకో 1’ బెలూన్ ఉపగ్రహం, సుమారు 30 మీటర్ల వెడల్పున్నది, ఈ ఫిల్మ్‌తో చేసిందే. వెనుక జిగురు పూసిన ఇదే ఫిల్మ్ తర్వాతి కాలంలో పిన్‌బాల్ విడిభాగాల దుకాణాలకు చేరింది. బంపర్ చుట్టూ సరిపోయేలా మధ్యలో రంధ్రం చేసిన గుండ్రటి ముక్కలు దొరికేవి. ఆపరేటర్లు బంతి ఎక్కువగా జారే చోట వాటిని అంటించేవారు. తర్వాత ఫ్యాక్టరీలూ ఇదే దారి పట్టాయి. 1980ల నడుమకు వచ్చేసరికి విలియమ్స్ కంపెనీ యంత్రాలు కొన్నింటిలో ప్లేఫీల్డ్ మొత్తాన్నీ మైలార్ కప్పేసింది.

నాణేల కోసం చేసిన ఈ పని బొమ్మలను కాపాడింది. ఆ సంగతి ఒప్పుకోక తప్పదు. ఫిల్మ్ ఉన్న మేర రంగులు నిన్ననే అచ్చేసినట్టు ఉండి, దాని అంచు దాటిన వెంటనే చెక్క తేలిన యంత్రాలు ఈనాటికీ దొరుకుతాయి.

కానీ జిగురుకూ వయసు వస్తుంది. ముందుగా దెబ్బతినేది ఇన్సర్ట్‌ల దగ్గర. ఇన్సర్ట్ అంటే ప్లేఫీల్డ్‌లో రంధ్రం చేసి బిగించిన రంగుల ప్లాస్టిక్ బిళ్ల. కింద బల్బు వెలిగితే అది మెరుస్తుంది. గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ప్లాస్టిక్ దారి వేరు. బల్బు వేడి తగిలీ తగిలీ బిళ్ల కాస్త కుంగుతుంది, లేదా పైకి లేస్తుంది. ఫిల్మ్ మాత్రం తిన్నగానే ఉండిపోతుంది. రెంటి మధ్య గాలి చేరి బుడగ లేస్తుంది. బిళ్ల మీద అచ్చువేసిన అక్షరాల పట్టు ముందే తక్కువ కనుక అవి ప్లాస్టిక్‌ను వదిలి జిగురుకు అంటుకుంటాయి. ఆ తర్వాత ఫిల్మ్ లాగితే అక్షరాలూ దానితో పాటే వస్తాయి.

కాబట్టి పాత ఫిల్మ్ తియ్యడమే ఒక విద్య అయింది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది, నిజమే. కింద ఉన్న రంగూ మెత్తబడి లేచిపోవచ్చు. అందుకని చాలామంది చలిదారి పట్టారు. కంప్యూటర్ దుమ్ము దులిపే స్ప్రే డబ్బాను తలకిందులుగా పట్టుకుంటే గాలి బదులు అతి చల్లటి ద్రవం వస్తుంది. దాన్ని ఫిల్మ్ మూల మీద కొడితే జిగురు గడ్డకట్టి పట్టు విడుస్తుంది. వేళ్లతో నిదానంగా, దాదాపు అడ్డంగా మడుస్తూ లాగుతారు. ఫిల్మ్ వచ్చాక కూడా జిగురు చెక్క మీదే మిగులుతుంది. దాని మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిలకరించి, గోధుమపిండి చల్లి, వేళ్లతో రుద్దితే జిగురు ఉండలు కట్టి ఊడొస్తుంది. వంటింటి పిండితో చేసే ఈ పనికి మించింది లేదని అనుభవజ్ఞులు చాలామంది చెబుతారు. పాత వార్నిష్ పగుళ్లిచ్చి ఉంటే మాత్రం చలి కూడా రంగును లేపేస్తుంది. అలాంటి యంత్రం మీద ఫిల్మ్‌ను ముట్టుకోకపోవడమే మంచిది.

1990 నాటికి విలియమ్స్ ‘డైమండ్‌ప్లేట్’ అనే గట్టి పాలియురేథేన్ పూతకు మారింది. రికార్డు స్థాయిలో 20,270 అమ్ముడైన 1992 నాటి ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ ఈ పూత కాలానిదే. 1999లో విలియమ్స్ పిన్‌బాల్ తయారీ మానేసింది. పాత యంత్రాలను బాగుచేసుకునే భారం ఇళ్లలో దాచుకున్న అభిమానుల మీదా, కాలిఫోర్నియాలోని అలమీడాలో ఉన్న పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం లాంటి సంస్థల మీదా పడింది. వారిలో చాలామంది, కార్లకు కొట్టే రెండు భాగాల పారదర్శక పూతను, క్లియర్‌కోట్‌ను, ఎంచుకున్నారు. అద్దంలా మెరుస్తుంది, ఇన్సర్ట్‌ల ఎగుడుదిగుళ్లను సరిచేస్తుంది. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి కనుక సరైన మాస్కు లేకుండా దాని జోలికి పోకూడదు. ఇంకో సంగతీ ఉంది. ఒకసారి వేశాక దాన్ని వెనక్కి తియ్యలేరు. పార్కర్ వేసిన రంగు, దాని మీద వేరొకరు కొట్టిన పూత ఇక ఎప్పటికీ ఒకే వస్తువు.

పాత కాగితాలను కాపాడేవారు ఈ పాఠాన్ని ముందే నేర్చారు. వర్జీనియాలో విలియం బారో 1930లలో చారిత్రక పత్రాలను సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య పెట్టి వేడితో, ఒత్తిడితో అతికించాడు. ఎన్నో గ్రంథాలయాలు అతని పద్ధతి పాటించాయి. తర్వాత ఆ పొర కాగితంతో పాటే పాడవడం, విడదీయడం కష్టమవడం చూసి అవే సంస్థలు వెనక్కి తగ్గాయి. 1970లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాలియెస్టర్ ఫిల్మ్ రెండు షీట్ల మధ్య కాగితాన్ని ఊరికే ఉంచి, అంచులు మాత్రమే మూసే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. కాగితానికి జిగురు తగలదు.

పిన్‌బాల్ వాళ్లు ఇప్పుడు వాడుతున్న ప్లేఫీల్డ్ ప్రొటెక్టర్‌దీ అదే సూత్రం. ఒక్కో మోడల్‌కు సరిపోయేలా రంధ్రాలతో సహా కోసిన పల్చటి పెట్-జి ప్లాస్టిక్ షీటు అది, మందం మిల్లీమీటరు లోపే. పోస్టులు, రబ్బర్లు, గైడ్లు ఊడదీసి, చెక్కను శుభ్రంగా తుడిచి, షీటు పరిచి మళ్లీ అన్నీ బిగిస్తారు. ఆ పోస్టులే దాన్ని పట్టి ఉంచుతాయి. జిగురు లేదు కనుక బిగించిన దారినే విప్పెయ్యొచ్చు. దీనికీ ఇబ్బందులున్నాయి. తుడవకుండా వేస్తే కింద చిక్కిన ఇసుక రేణువు ఎన్నాళ్లయినా అక్కడే రుద్దుతుంది. బంతి వేగం కాస్త పెరుగుతుంది, దాని చప్పుడూ మారుతుంది. పాత గాట్‌లీబ్ యంత్రాల నెమ్మదైన ఆటను ఇష్టపడేవారికి ఆ మార్పు నచ్చదు. వారి అభ్యంతరం న్యాయమైనదే. ఆట నడిచే తీరు కూడా చరిత్రలో భాగమే. అయినా ప్రొటెక్టర్ నచ్చనివారు దాన్ని ఒక సాయంత్రంలో తీసేసుకోగలరు. బంపర్ల కింద ఒకసారి అరిగిపోయిన పార్కర్ బొమ్మను ఎవరూ తిరిగి తేలేరు.