ముందుచాపల ఎన్నిక : ఒక చారిత్రక పరిశీలనము

కయత్తారు పేరు వినగానే తెలుగువారికి 1799 అక్టోబరు 16వ తేదీ స్మరణకు వచ్చును. ఆనాడు వీరపాండ్య కట్టబొమ్మనను ఇంగ్లీషువారు ఇచ్చట ఉరితీసిరి. ఆ స్మృతి చాటున మరుగుపడిన వేరొక సంబంధము ఈ ప్రాంతమునకు కలదు. అది సముద్రముతోడి సంబంధము. కోవిల్పట్టి, కయత్తారు, విరుదునగరము సీమల నల్లరేగడి నేలలలో మనవారు పండించిన ప్రత్తి తూత్తుకుడి రేవునకు చేరెడిది. అచ్చట తీరమున లోతు చాలమిచే పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసెడివి. వానికి సరకును తోణులు చేరవేసెడివి. కొలంబు వరకును తెరచాపలతో పోయెడి తోణులును కలవు. రైతు పొలమునకును పరదేశపు మిల్లునకును నడుమ గాలియు, గుడ్డయు, మోకును నిలిచి యుండెను. క్రమముగా తోణులు యంత్రములు అమర్చుకొనెను. 1974లో తూత్తుకుడి ప్రధాన రేవుగా ప్రకటింపబడెను. తెరచాప, చుక్కాని, మోకు, సరంగు అను మాటలు మన పిల్లలకు నేడు పుస్తకములలోనే కానవచ్చుచున్నవి.

ఆంధ్రుల నౌకాయానము మిక్కిలి ప్రాచీనము. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కంబముల ఓడ ముద్రింపబడి యున్నది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్ది నడుమ మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. తుపాను తాకిడికి ఓడలు దరిచేరినపుడు పూర్వరాజులు అందలి సరకును హరించెడివారు. తాను మాత్రము సముద్రయానపు అపాయమునకు తెగించినవారి యెడ దయతో, నిర్ణీత సుంకము తప్ప తక్కినదంతయు విడిచెదనని ఆతడు ప్రకటించెను. ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధికెక్కిన గోదావరి ముఖమందలి కోరంగి 1839 నవంబరులో తుపాను ఉప్పెనకు గురియై మరల పూర్వవైభవము పొందజాలకపోయెను. రాజు అభయము రేవున దొరకవచ్చును; నడిసముద్రమున నావికునకు అభయము తన చేతిలోని తెరచాపయే. కావున ఏ చాపను ఎన్నుకొనవలెనను ప్రశ్న ప్రాణములకు సంబంధించినది.

నేటి చిన్న యాత్రా నౌకలందు కంబపు పైభాగము నుండి పడవ ముక్కు వరకు ఒక ఉక్కు తీగతాడు బిగింపబడి యుండును. దానిని ముందుతీగ యందము. దాని వెంబడి ఎత్తు ముక్కోణపు గుడ్డయే ముందుచాప. దీనిని అమర్చుటకు రెండు పద్ధతులు కలవు.

మొదటిది కొక్కెముల పద్ధతి. చాప అంచున వరుసగా కుట్టిన లోహపు కొక్కెములను ముందుతీగకు తగిలించి, మోకుతో పైకి లాగుదురు. గాలి హెచ్చినచో ఆ చాపను దించి చిన్నదానిని తగిలింపవలెను. ఇందు చిక్కుపడునది ఏమియు లేదు. మోకు విడిచినంతనే చాప క్రిందికి దిగును. ఒక కొక్కెము విరిగినను తక్కినవి నిలుచును. ప్రతి గాలికిని తగిన మందము, తగిన ఆకారము గల చాప దొరకును. కాని మార్చవలసినపుడెల్ల ఒక మనిషి అలలు కొట్టుచున్న పడవ ముక్కు పైకి పోవలెను. తడిసిన చాపలను దాచుటకు లోపల చోటును కావలెను.

రెండవది చుట్టు పద్ధతి. ముందుతీగపై గాడిగల లోహపు గొట్టమును తొడిగి, ఆ గాడిలో చాప అంచును చొప్పింతురు. అడుగున ఒక డోలు వంటి చక్రము, దానికి చుట్టిన త్రాడు ఉండును. పడవ వెనుక కూర్చుండియే త్రాడు లాగినచో గొట్టము తిరిగి చాప చాపవలెనే చుట్టుకొనును. ఇంగ్లండున 20వ శతాబ్ది ఆరంభముననే ఇట్టి సాధనము వాడుకలోనికి వచ్చినది. అది చాపను పూర్తిగా విప్పుటకో, పూర్తిగా చుట్టుటకో మాత్రమే తగినది. సగము చుట్టి వాడదగిన గాడి గొట్టములు 1970ల తరువాత వ్యాపించెను. ఇద్దరు ముగ్గురే నడుపు పడవకు ఇది గొప్ప సౌకర్యము. అయినను సగము చుట్టిన చాప సంచివలె ఉబ్బి, గాలికి ఎదురుగా పోవుటలో వెనుకబడును. చుట్టియుంచిన చాప ఎండకు చివుకకుండ అంచున కాపుగుడ్డ కుట్టవలెను. తుపానులో త్రాడు తెగినచో మొత్తము చాప ఒక్కసారిగా విచ్చుకొనును. చక్రము బిగిసినచో దానిని చుట్టుటయు, దించుటయు దుర్ఘటము.

ఇందుచే అనుభవజ్ఞులు పలువురు మధ్యమార్గమును అవలంబించిరి. వెలుపలి ముందుతీగపై చుట్టుచాప. దానికి లోపల వేరొక తీగపై కొక్కెములతో తగిలించు చిన్న తుపానుచాప. నిత్యపు సౌకర్యమునకు మొదటిది, ఆపత్కాలమునకు రెండవది.

భారత నౌకాదళపు తారిణి ప్రయాణము తుపానుచాప అవసరమును తెలుపుచున్నది. ఆరుగురు స్త్రీలు ఆ చిన్న నౌకపై 2017 సెప్టెంబరు 10న గోవా వదలి, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. వారి నౌకలో పెద్దచాప, ముందుచాపలు గాక తుపానుచాపయు ప్రత్యేకముగా ఉండెను. దక్షిణ సముద్రములందు పోవువారు ఒక్క సాధనమునే నమ్ముకొనరు.

తీరము వెంబడి, కొద్దిమందితో పోవువారికి చుట్టుచాప మేలు. దూరసముద్రమునకు పోవువారు దానిని ఉంచుకొనియు కొక్కెపు తుపానుచాపను విడువరాదు. సౌకర్యము విఫలమైననాడు చేతితో దింపదగినది ఒకటి మిగిలియుండవలెను. మోటుపల్లి శాసనము అభయమను మాటను రాతిపై నిలిపినది. నావికుడు దానిని తన ముందుతీగపై నిలుపుకొనవలెను.