రెండు బొమ్మలు ఒకటయ్యే చోట

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఫోకస్ కచ్చితంగా కుదరదు కాబట్టే, లెన్స్‌లోంచే దృశ్యాన్ని చూపే ఎస్సెల్లార్ కెమెరా దాన్ని పక్కకు నెట్టిందని చాలామంది నమ్మకం. చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. అసలు రేంజ్‌ఫైండర్ పద్ధతి పుట్టిందే గురి తప్పకూడని చోట. 1888లో బ్రిటిష్ సైన్యం దూరాన్ని కొలిచే పరికరం కావాలని ప్రకటిస్తే, ఆర్చిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్ అనే ఇద్దరు ఆచార్యులు దాని తయారీకి పూనుకున్నారు. కొన్నేళ్లకే వాళ్ల పరికరం యుద్ధనౌకలెక్కింది. కొంత ఎడంగా ఉన్న రెండు కిటికీల్లోంచి ఒకే వస్తువును చూస్తూ, ఆ రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా సర్దితే, అందుకు తిప్పాల్సి వచ్చిన కోణమే దూరం చెబుతుంది. కిటికీల మధ్య ఎడం పెరిగేకొద్దీ కొలత నికరమవుతుంది.

1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన ఓస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరాలో ఈ ఏర్పాటు లేదు. దూరాన్ని కంటితో అంచనా వేయాలి, లేదంటే విడి రేంజ్‌ఫైండర్‌ను పైన తగిలించి, అది చూపిన అంకెను లెన్స్ మీద పెట్టుకోవాలి. లెన్స్ ఎఫ్/3.5 కనుక చిన్న పొరపాట్లు చెల్లిపోయేవి. 1932లో వచ్చిన లైకా 2, కాంటాక్స్ కెమెరాలు రేంజ్‌ఫైండర్‌ను లెన్స్‌తో ముడిపెట్టాయి. ఆ దశకంలోనే కాంటాక్స్‌కు ఎఫ్/1.5 సోనార్ లెన్స్ వచ్చింది. అలాంటి 50 మి.మీ. లెన్స్‌ను పూర్తిగా తెరిచి మీటరు దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడున్నర సెంటీమీటర్లే. అంచనాతో అక్కడ పని జరగదు, కొలవాల్సిందే. నా దృష్టిలో రేంజ్‌ఫైండర్‌ను కెమెరాలో స్థిరపరచింది వెలుగును ఎక్కువగా రానిచ్చే ఈ వేగమైన లెన్సులే.

కొలత అన్నాక ఎక్కడ కొలవాలో తెలియాలి. నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది. వ్యూఫైండర్ మధ్యలోని చిన్న వెలుగు చదరంలో రెండో బొమ్మ అడ్డంగా జరుగుతుంది. కాబట్టి నిలువు గీత దొరకాలి: తలుపు అంచు, కళ్లజోడు కమ్మీ, చొక్కా గుండీల పట్టీ. కరెంటు తీగలాంటి అడ్డగీత మీద ఎంత తిప్పినా తేడా తెలియదు, కెమెరానే నిలువుగా పట్టుకోవాలి. కిటికీ ఊచల మీద ఇంకా జాగ్రత్త అవసరం, పక్క ఊచతో కలిసినా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. మీటరు దూరంలో కంటి మీద ఫోకస్ చేసి, ఫ్రేము కోసం కెమెరాను 15 డిగ్రీలు పక్కకు తిప్పితే, ఫోకస్ తలం కంటికి మూడు సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. కన్ను మసకబారి చెవి స్పష్టమైతే తప్పు పరికరానిది కాదు. తిప్పాక కెమెరాతో పాటు తమ తల కాస్త వెనక్కి జరపడం పాతకాపులకు అలవాటు.

వీధిలో తీసేవాళ్లు ముందే దూరం పెట్టుకుని క్లిక్ కొట్టేవాళ్లు కదా, ఇంత కొలత ఎందుకని అడగవచ్చు. నిజమే. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో ఐదు మీటర్ల దగ్గర పెడితే దాదాపు మూడున్నర నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా పని నడుస్తుంది. అది పట్టపగటి సంగతి. దీపాల వెలుగులో అపర్చర్ తెరవక తప్పదు, అప్పుడు ఆ వెసులుబాటు పోతుంది. ఇక 1959లో నికాన్ ఎఫ్ అనే ఎస్సెల్లార్ వచ్చాక రేంజ్‌ఫైండర్ ఎందుకు తగ్గింది? కచ్చితత్వం చాలక కాదు. 28 మి.మీ. లెన్స్‌తో ఎస్సెల్లార్ తెర మీద అన్నీ స్పష్టంగానే అనిపించి కన్ను తడబడుతుంది. రేంజ్‌ఫైండర్ కొలత మాత్రం లెన్స్ మారినా మారదు. అయితే పొడవైన లెన్సులకు దాని రెండు కిటికీల మధ్య ఎడం చాలదు, లైకా ఎం వరుస కెమెరాలు 135 మి.మీ. దగ్గరే ఆగాయి. పక్షుల్ని, క్రికెట్‌ను, చేతికందే దూరంలోని పువ్వును తీయాలనుకున్నవాళ్లకు ఎస్సెల్లార్ తప్పలేదు. ఓడింది కచ్చితత్వంలో కాదు, పరిధిలో.

ఒక్క అభ్యంతరానికి మాత్రం జవాబు లేదు: అమరిక చెడితే రేంజ్‌ఫైండర్ ఆ సంగతి చెప్పదు. పాత కెమెరా కొన్నవారు లెన్స్‌ను అనంతం దగ్గర పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూడండి. రెండు బొమ్మలు కలవకపోతే ఫిల్ము ఎక్కించకుండా ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.