మహేంద్రగిరి మార్గము - సవరభాష

శ్రీకాకుళమునుండి పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరికి నేడు జీపుపై పోవచ్చును. 1501 మీటర్ల ఎత్తుగల ఆ శిఖరమునకు సమీపము వరకును బాట యున్నది. ఇద్దరు పరిశోధక విద్యార్థులతో గూడి నేనా బాటను పోయినది కొండపైనున్న ప్రాచీనాలయములను చూచుటకు. కాని తిరుగు ప్రయాణమున మా ప్రసంగమంతయు ఆలయములను గూర్చి గాక, నడుమ మేమాగిన సవరపల్లెలను గూర్చియే సాగినది. ఈ వ్యాసమునకు మూలమదియే.

కొండపల్లెలను 'మారుమూల' యనుట మనకు అలవాటు. ఎవరికి మారుమూల? ప్రాచ్యగంగుల రాజధానియగు కళింగనగరము వంశధారా తీరమున నేటి ముఖలింగము కడ నుండెనని చరిత్రకారులలో పెక్కుమంది అభిప్రాయము. కాని వారి కులదైవము రాజధానియందు లేడు. మహేంద్రశిఖరమున వెలసిన గోకర్ణస్వామియే వారి దైవము. వారి తామ్రశాసనములు పెక్కింటి ఆరంభమున ఆ స్వామి ప్రశంస కానవచ్చును. 11వ శతాబ్దమున రాజేంద్రచోళుని విజయమును తెలుపు శాసనమును సంస్కృత తమిళములలో చెక్కించినదియు ఆ కొండమీదనే. అనగా మైదానమును గెలిచినవాడు కొండకు పోయి చెప్పుకొనవలసి యుండెను.

అనంతవర్మ చోడగంగుని 12వ శతాబ్దపు శాసనములలో మరియొక విశేషమున్నది. వంశకర్తయగు కామార్ణవుడు మహేంద్రము నెక్కి, గోకర్ణస్వామిని సేవించి, వృషభలాంఛనమును పొంది, దిగివచ్చి, శబరాదిత్యుని జయించి కళింగమును గ్రహించెనట. ఒక శాసన ప్రకటనయందు ఆ పేరు బాలాదిత్యుడని యున్నది. శబరాదిత్యుడను పాఠమే సందర్భమునకు తగియున్నదని నా తలంపు. ఇది శతాబ్దముల తరువాత వ్రాసుకొన్న వంశకథ. అక్షరాల చరిత్రగా గ్రహింపరాదు. అయినను, ఈ నేల ఒకప్పుడు శబరులదను జ్ఞాపకము విజేతల వంశమందే నిలిచియుండుట గమనింపదగినది. ఐతరేయ బ్రాహ్మణము ఆంధ్రులను, శబరులను ఒక్కచోటనే పేర్కొన్నది. అంతటి ప్రాచీనత గల జాతికి గంగుల వంశకథయందు లభించినది ఓడినవాని స్థానము మాత్రమే. మిగిలినదానిని ఎచ్చట వెదకవలెను?

ఈ ప్రశ్నకు సమాధానమును వ్రాతచే గాక చేతచే చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును (శక 979, అనగా క్రీ.శ. 1057) 'ఎపిగ్రాఫియా ఇండికా'లో పరిష్కరించి ప్రకటించిన వారాయనయే. వ్యావహారికభాషా వాదమున ఆయన పేరెరిగినవారు ఈ సంగతిని సాధారణముగా మరతురు. (ఆయనను గూర్చి నేనీ గ్రాంథికమున వ్రాయుట చూచి విద్యార్థులు నవ్వుకొనవచ్చును.) గంగుల రాగిరేకులను చదివిన ఆయనయే, సవరలు తెలిసిన వానిని ఇంట నుంచుకొని వారి భాషను నేర్చుకొనిరి, కొండలెక్కి పల్లెలు తిరిగిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైనువలన వినికిడి చెడినది. ధ్వనుల సూక్ష్మభేదములను చెవితో పట్టుచున్న పండితునకు ఇంతకంటె పెద్ద నష్టమేమున్నది? అయినను పని విడువలేదు. తొలుత తెలుగు లిపిలో సవర వాచకములు, పాటలు వెలువరించిరి; 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినది. పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి, 1940లో దివంగతులైరి. అదే 1936లో మాంగేయి గోమాంగో సవరభాషకు 'సొర సొంపెంగ్' అను స్వంతలిపిని కల్పించెను. నాటినుండి ఒకే భాష మాటాడు పల్లెలలో, ఇటువారి పిల్లలకు బడి తెలుగున, అటువారికి ఒడియాలో. సరిహద్దు కొండను చీల్చినదని చెప్పుటకంటె, ఆ భాషను వినువారిని చీల్చినదని చెప్పుట యుక్తము.

మేమాగిన పల్లెలో సెలయేటి లోయ పొడవునను మెట్లుమెట్లుగా వరిమళ్లున్నవి. ఒక్కొక్క మడికి రాతి కట్టు. మీది మడినుండి క్రింది మడికి నీరు దిగుటకు దారి. సున్నము లేదు, సిమెంటు లేదు. ఈ కట్టడమును చూచినవాడు సవరలకు పోడు తప్ప వేరు సేద్యము తెలియదని వ్రాయజాలడు. అట్లు వ్రాసినవారు క్రిందనుండి కొండను చూచి వ్రాసిరని నా అనుమానము.

పాతపట్నము సంతకు వచ్చుచుండుటచే తెలుగు తెలిసిన వృద్ధుడొకడు మాతో అరుగుమీద కూర్చుండెను. నా యొద్దనున్న పంతులుగారి వ్యాకరణము తెరచి కొన్ని మాటలు చదివితిని. మొదటి రెండింటికి తల యూపెను. మూడవదానికి ఊపలేదు. "కాదు బాబూ, గాలి ఒగ్గీకూడదు. గొంతులోనే ఆపాల" అని తాను పలికి చూపెను. మాట చివర హల్లును నొక్కి ఊపిరిని నిలుపు ఈ ధ్వనిని పంతులుగారు ఆ పుటయందే ప్రత్యేక చిహ్నముతో గుర్తించియున్నారు. దానిని చూడక చదివినది నేను. నా విద్యార్థి యొకడు ఆ మాటను తన పుస్తకమున తెలుగులో వ్రాసికొనబోయి, చివరి అక్షరము కడ కలము నిలిపి, వృద్ధుని మరల పలుకుమని యడిగెను.