డీలియా బేకన్: భగ్నప్రణయం, కుట్ర సిద్ధాంతం - ఒక పునఃపరిశీలన

1. ప్రస్తావన

కుట్ర సిద్ధాంతాన్ని నమ్మిన వ్యక్తి జీవితంలో ఒక భగ్నప్రణయం కనిపిస్తే, ఆ నమ్మకానికి దానినే మూలంగా చెప్పడం సులభం. షేక్‌స్పియర్ నాటకాలను ఒక రహస్య బృందం రాసిందని వాదించిన అమెరికా రచయిత్రి డీలియా బేకన్ (1811-1859) విషయంలో ఈ వివరణ కాలక్రమానికి నిలవదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సిద్ధాంత ఆవిర్భావం

ఒహాయోలో జన్మించిన డీలియా పేదరికంలో పెరిగి, ఉపాధ్యాయినిగా, స్త్రీలకు చరిత్ర సాహిత్యాలు బోధించే ఉపన్యాసకురాలిగా పేరు పొందారు. 1845లో ఉపన్యాసాలు విరమించి షేక్‌స్పియర్ పరిశోధనకు పూనుకున్నారు. ఫ్రాన్సిస్ బేకన్, వాల్టర్ రాలీ, ఎడ్మండ్ స్పెన్సర్ వంటివారు నిరంకుశ రాజరికానికి వ్యతిరేకమైన భావాలను నాటకాలలో దాచి, ఒక నటుని పేరుతో వెలువరించారన్నది ఆమె వాదం. ఈ ఊహకు ఆ సంవత్సరంలోనే రూపురేఖలు ఏర్పడ్డాయి.

3. ప్రణయం, విచారణ

న్యూహావెన్‌లో ఆమెకు పరిచయమైన అలెగ్జాండర్ మాక్‌వర్టర్ యేల్‌లో మతశాస్త్రం చదివినవాడు. ఆమెకన్నా పదేళ్లకు పైగా చిన్నవాడు. వారి సాన్నిహిత్యం పెళ్లికి దారితీస్తుందని చుట్టూ ఉన్నవారు భావించారు. అతడు మాత్రం తానెన్నడూ వివాహ ప్రస్తావన చేయలేదన్నాడు. మతబోధకుడైన ఆమె సోదరుడు లెనర్డ్ బేకన్ పట్టుదలతో 1847లో మతాచార్యుల సభ విచారణ జరిపింది. ఒక్క ఓటు ఆధిక్యంతో మాక్‌వర్టర్ నిర్దోషిగా బయటపడ్డాడు. డీలియా పూర్వ గురువు కేథరిన్ బీచర్ ఆమెను సమర్థిస్తూ 1850లో ఒక గ్రంథమే ప్రకటించారు. సమర్థన సదుద్దేశంతో చేసినదే అయినా, డీలియా మరుగుపరచాలనుకున్న విషయం దానితో మరింత బహిరంగమైంది.

4. ఇంగ్లండు ప్రవాసం

చార్లెస్ బట్లర్ ధనసహాయంతో 1853లో డీలియా ఇంగ్లండు చేరారు. ఎమర్సన్ పరిచయలేఖ ద్వారా కలిసిన కార్లైల్, బ్రిటిష్ మ్యూజియంలో ఆధారాలు వెదకమని సలహా ఇచ్చారు. ఆమె గ్రంథాలయాలకన్నా ఏకాంతాన్ని ఎంచుకున్నారు. అప్పటికే ఆమె సోదరుడు ఈ సిద్ధాంతాన్ని భ్రమగా తలచేవారు. లివర్‌పూల్‌లో అమెరికా కాన్సల్‌గా ఉన్న నవలాకారుడు నథానియెల్ హాథార్న్ సహాయంతో 1857లో ఆమె గ్రంథం వెలువడింది. ముందుమాటలో హాథార్న్ తన సిద్ధాంతాన్ని ఆమోదించకపోవడంతో ఆమె ఆయనకూ దూరమయ్యారు. మానసికంగా కుంగిన ఆమెను 1858లో స్వదేశానికి తీసుకువెళ్లారు. మరుసటి సంవత్సరం హార్ట్‌ఫర్డ్‌లో మరణించారు.

5. ముగింపు

డీలియా వాదాన్ని బలపరిచే చారిత్రక ఆధారం లేదు. అయితే ఆ పొరపాటును భగ్నప్రణయానికి ఆపాదించడం మరొక పొరపాటు. ఊహ ముందు పుట్టింది, అపవాదు తరువాత వచ్చింది. అపవాదు ఆమెకు సిద్ధాంతాన్ని ఇవ్వలేదు. ఆ సిద్ధాంతాన్ని విని, ప్రశ్నించి, సరిదిద్దగల సమాజం నుంచి ఆమెను వేరుచేసింది. పురుషుని పొరపాటును తర్కంలో వెదికి, స్త్రీ పొరపాటును ప్రణయంలో వెదికే జీవితచరిత్ర రచనాపద్ధతిని ఈ కోణంలో పునఃపరిశీలించవలసి ఉంది.