తంతి బిగువు

టెన్నిస్ ఆట చరిత్రను వ్రాసినవారు ఆటగాండ్రను గూర్చి విస్తారముగా వ్రాసిరి. రాకెట్టును గూర్చియు కొంత వ్రాసిరి. దానికి తంతులు బిగించిన చేతులను గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. కాని ఆటలో బంతి తాకునది కొయ్యచట్రమును కాదు, తంతిని. ఆ తంతి ఎంత బిగువుగా నున్నదో, ఆ బిగువు అల్లికయంతటను సమముగా నున్నదో లేదో, దానినిబట్టియే బంతి పోవు దారియు వేగమును ఏర్పడుచున్నవి. కావున తంతి బిగించు విద్య ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలిసికొనుట ఆట చరిత్రలో ఒక భాగమే.

1874లో ఇంగ్లండునందు మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డు ఈ ఆటకు పేటెంటు పొందెను. మరుసటి సంవత్సరమే ఫ్రాన్సులోని లియోన్ నగరమున పియేర్ బబోలా టెన్నిస్ రాకెట్టుకొఱకు ప్రత్యేకముగా ప్రేగుతంతిని తయారుచేసెను. ఆతని సంస్థ అంతకుముందు వాద్యములకు తంతులు చేయుచుండినది. ఫిడేలు తంతియు రాకెట్టు తంతియు ఒకే కార్ఖానాలో పుట్టిన తోబుట్టువులు. ఇంగ్లీషువారు ఈ తంతికి పిల్లిప్రేగు అని అర్థమిచ్చు పేరు పెట్టిరి గాని, పిల్లికిని దానికిని సంబంధమే లేదు. అది గొఱ్ఱె ప్రేగు, తరువాతి కాలమున ఆవు ప్రేగు.

మన దేశమునకు ప్రేగుతంతి క్రొత్తది కాదు. సారంగి పలుకునది దానితోనే. ఉత్తరాదిని దూదేకువాని వింటికి నారియు అదియే. గొఱ్ఱెల, మేకల ప్రేగులను కడిగి, గీకి, పురివేసి, ఆరబెట్టి, నునుపుచేయు పని తరతరములుగా కొన్ని కులములవారి చేతిలో నుండెను. ఆ పని చేయువారిని ఊరు దూరముగా నుంచినది. ఆ ప్రేగులను ముట్టనొల్లని గృహములవారే తెల్లని దుస్తులు ధరించి, క్లబ్బు పచ్చికమీద ఆ తంతినే నిస్సంకోచముగా చేతబట్టి ఆడిరి. ఆటకు గల గౌరవము తంతికి దక్కెను. తంతిని చేసినవానికి మాత్రము దక్కలేదు.

పంజాబునకు ఈ ఆట సైన్యమువెంట వచ్చినది. లాహోరునందు 1885లోనే పంజాబు చాంపియన్‌షిప్పు పోటీలు ఆరంభమైనవి. రాకెట్టులు విలాయతినుండి ఓడమీద రావలెను. తంతి తెగినయెడల దొర ఏమి చేయవలెను? సియాల్‌కోట పట్టణ ప్రతిష్ఠ ఈ ప్రశ్నకు సమాధానముగానే మొదలైనదని చెప్పుదురు. ఒక సైనికాధికారి విరిగిన రాకెట్టును అచటి పనివానియొద్దకు తెచ్చెననియు, ఆతడు దానిని బాగుచేసి, పిమ్మట అటువంటి దానిని తానే చేసెననియు కథ. చెప్పువారినిబట్టి పనివాని పేరును, సంవత్సరమును మారుచుండును. కొందరు సర్దార్ గండాసింగు పేరు చెప్పుదురు. ఇట్టి కథలకు తారీఖులు వెదకుట వ్యర్థము. సత్యమైన విషయమేమనగా, 19వ శతాబ్ది ముగియునాటికి సియాల్‌కోట రాకెట్టులును, క్రికెట్టు బ్యాట్లును చేయు ఊరైనది. చేరువనే మల్బరీ కొయ్య దొరకెను. కంటోన్మెంటు గిరాకి ఇచ్చెను. జీనులు కుట్టుటలోను, కొయ్యపనిలోను చేయితిరిగినవారు ఊర నుండనే యుండిరి.

ఆనాడు తంతి బిగించుటకు మర లేదు. చట్రమును పట్టుకొయ్యలో ఇరికింతురు. తంతిని రంధ్రమునుండి లాగి, చిన్న కొయ్యకు చుట్టి, దేహభారమంతయు మోపి వెనుకకు లాగుదురు. లాగిన తంతి జాఱకుండ రంధ్రములో ఆరెను గ్రుచ్చుదురు. మఱల రెండవ తంతి. అది నిలిచిన పిదప మొదటి ఆరెను తీయుదురు. ఆరె ఒకింత వాడిగా నున్న తంతికి గాయమగును. ఒకింత వదులుగా నున్న తంతి జాఱిపోవును. బిగువు కొలుచుటకు చెవి తప్ప వేఱు సాధనము లేదు. గురువు తంతిని గోటితో మీటి, విని, సరియనును లేదా విప్పుమనును. ఎందుకు విప్పవలెనో చెప్పడు. ఆతనికిని మాటలలో తెలియదు. శిష్యుడు ఏండ్లతరబడి ప్రక్కన కూర్చుండి, అడ్డతంతులను అల్లుచు, ఆ ధ్వని చెవికి పట్టువఱకు వేచియుండవలెను. ఈ పద్ధతిని పొగడువారు కలరు. అందులో గొప్పతనము లేకపోలేదు. కాని గురువునకు ఇష్టము లేనివాడు ఎన్నటికిని నేర్వలేకుండుటయు అందులోనే యున్నది.

చేతితో త్రిప్పు మర ఈ స్థితిని మార్చినది. ఇట్టి మరలను వ్యాప్తికి తెచ్చినవారిలో అమెరికాకు చెందిన బడ్ హెల్డ్ ఒకడు. 1953లో బల్లెము విసరుటలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఈ క్రీడాకారుడు 1964లో ఎక్టెలాన్ సంస్థను స్థాపించెను. మర నిర్మాణము క్లిష్టమైనది కాదు. రాకెట్టును తిరుగుడు పీటమీద పరుండబెట్టి, తలవైపును మెడవైపును లోపలినుండి ఆనించి బిగింతురు. ప్రక్కన ఒక పట్టాలు. దానిమీద జరుగు ఒక పెట్టె. పెట్టె దవడలలో తంతిని ఇరికించి, పిడిని త్రిప్పిన పెట్టె వెనుకకు జరుగుచు తంతిని లాగును. పెట్టెలో ఒక స్ప్రింగు కలదు. ఇన్ని పౌనులని ముందుగా అమర్చిన బిగువు రాగానే అది తాళమును వదలును. టక్కని శబ్దము వచ్చి పెట్టె నిలిచిపోవును. అపుడు తంతిని చట్రముచెంత పట్టుకారుతో పట్టి, తాళము విప్పి, పెట్టెను ముందుకు జరిపి, తరువాతి తంతికి పోవలెను.

నేతపని ఎఱిగినవారికి వరుస సులభముగా బోధపడును. నిలువు తంతులు పడుగు, అడ్డతంతులు పేక. పడుగును నడుమనుండి ఆరంభించి, కుడికొకటి ఎడమకొకటిగా అంచులకు పోవలెను. ఒకేవైపున వరుసగా లాగిన చట్రము వంకరపోవును. లెక్క వేసిచూచిన దీని తీవ్రత తెలియును: 18 నిలువు తంతులు, ఒక్కొక్కటి 55 పౌనుల చొప్పున, మొత్తము 990 పౌనులు, అనగా సుమారు 450 కిలోల లాగుడు. అడ్డతంతులు పడి ఎదురు లాగువఱకు ఆ భారమును మోయునది ఆ సన్నని కొయ్యచట్రమును, దానిని ఆనించిన మరయు మాత్రమే. తంతి బిగించుచుండగా చట్రము పగిలినదన్న, ఆనింపు సరిగా లేదనియో, వరుస తప్పినదనియో తలపవలెను.

పేక వేయుటలోనే నేర్చువాని ఓర్పు తేలును. ఒకదానిపైగా, ఒకదాని క్రిందుగా పోవలెను. ఒక్కచోట తప్పిన, ఆ తప్పు అయిదు వరుసల తరువాత గాని కంటబడదు. అపుడు అయిదును విప్పవలెను. తంతిని తిన్నగా గుంజిన అది నిలువు తంతులను రంపమువలె కోయును. విల్లువలె వంచి, పైకిని క్రిందికిని కదుపుచు లాగవలెను. ముడి వేయునప్పుడు ఎంతో కొంత బిగువు పోవును. పట్టుకారు జాఱిన ఇంకను పోవును. వీనిని మర చెప్పదు.

ఇంకొక సూక్ష్మము కలదు. పెట్టె తాళము పడినపిదప మర లాగుట మానును. తంతి మాత్రము సాగుట మానదు. కావున 55 పౌనులని మర చెప్పినను, పట్టుకారు పడునాటికి తంతిలో అంత యుండదు. బరువును వ్రేలాడదీసి లాగు మరలో ఈ చిక్కు లేదు, బరువు లాగుచునే యుండును గనుక. పిడిని జోరుగా త్రిప్పువాడును, మెల్లగా త్రిప్పువాడును ఒకే అంకెమీద రెండు వేఱు బిగువులు పొందుదురు. అందుచేత అనుభవజ్ఞులు నేర్చువానికి మొదట చెప్పునది అంకెను కాదు: ప్రతిసారియు ఒకే వేగముతో త్రిప్పుమనియు, తాళము పడినవెంటనే ఒకే వ్యవధిలో పట్టుకారు వేయుమనియు. మరను అప్పుడప్పుడు స్ప్రింగు త్రాసుతో సరిచూచుకొనవలెను. చెవి స్థానమున స్ప్రింగు వచ్చినను, చేతికి పని తప్పలేదు.

సియాల్‌కోటకు 1947లో విపత్తు వచ్చినది. హిందువులును సిక్కులునైన యజమానులును, పనివారిలో అనేకులును సరిహద్దు దాటి వచ్చిరి. కొందరు జలంధరులోను, కొందరు మీరటులోను కుదురుకొనిరి. కార్ఖానాలు, ఎండబెట్టిన కొయ్య నిలువలు, పనిముట్లు అచటనే యుండిపోయినవి. అచట మిగిలిన ముస్లిము పనివారికి చేతిలో విద్య యుండెను గాని, సరుకు కొనువారితో పరిచయములు తెగిపోయెను. ఇటు వచ్చినవారికి కొనువారు తెలియును గాని, ప్రక్కన కూర్చుండి పని చేసిన చేతులు సగము లేవు. ఒక విద్యను రెండుగా చీల్చుట ఎట్లుండునో ఈ ఊళ్లు చూపినవి. సియాల్‌కోట తిరిగి లేచినది. 1982లో స్పెయిను ప్రపంచకప్పునకు వాడిన టాంగో ఫుట్‌బాలు అచటనే కుట్టబడినది. జలంధరు, మీరటులును క్రీడాసామగ్రికి పేరుపడినవి.

కాని కొయ్యరాకెట్టును దేశవిభజన చంపలేదు, గ్రాఫైటు చంపినది. 1981లో వింబుల్డన్ గెలిచిన జాన్ మెకన్రో చేతిలో నుండినది కొయ్యరాకెట్టే. కొన్ని యేండ్లకే కొయ్య కోర్టునుండి అదృశ్యమైనది. చట్రముల తయారీ తైవానుకును, పిమ్మట చైనాకును పోయినది. తంతియు మారెను: రెండవ ప్రపంచయుద్ధము తరువాత నైలాను, 1990 దశకమునుండి పాలియెస్టరు. 1977లో రెండు వరుసల తంతులతో నడుమ గొట్టములు తొడిగిన విచిత్రపు అల్లికతో ఇలీ నస్తాసే ఆడగా, మట్టికోర్టుపై వరుసగా 53 ఆటలు గెలిచిన గిలేర్మో విలాస్ ఆట నడుమ విరమించుకొని పోయెను. మరుసటి యేడు రాకెట్టు ఎట్లుండవలెనో ఆట నియమములలో మొదటిసారిగా వ్రాసిరి. శతాబ్దమునకు పైగా ఎవరికిని అక్కఱ తోపని నియమమును తంతి బిగించువాడొకడు వ్రాయించెనన్నమాట.

చట్రములు చేయు పని పోయినను, బిగించు పని పోలేదు. తంతి ఎచట తెగునో అచటనే దానిని మార్చవలెను. తైవానుకు పంపుటకు వీలులేదు. పెద్ద పోటీలలో ఇపుడు విద్యుత్తుతో నడచు మరలు బిగువును విడువక పట్టియుంచును. చిన్న ఊళ్ల క్లబ్బులచెంత మాత్రము చేతిపిడి మర ఇప్పటికిని నిలిచియున్నది. దానికి కరెంటు అక్కఱలేదు. చెడిన స్ప్రింగును మార్చిన చాలును. క్రొత్తగా చేరినవానికి మొదట ఇచ్చునది ఎవరికిని పనికిరాని పాత రాకెట్టు. దాని తంతులను సైతము తోచినట్లు కోయరాదు: నడుమనుండి మొదలిడి, నిలువునొకటి అడ్డమునొకటిగా కోయుచు, బిగువును నలువైపుల సమముగా వదలవలెను. అది వచ్చినపిదపనే పిడిని చేతికిత్తురు.